మగ్గం గుంట పూడ్చిన గది

దెయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడానికి నా వృత్తే కారణం. ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ ఏదైనా ఇంటికి "అందులో ఏదో ఉందంట" అన్న పేరు వచ్చిందంటే, చాలాసార్లు ఆ పేరు పుట్టించేది మాలాంటి బ్రోకర్లే. పేరు చెడితే ధర దిగుతుంది. దిగాక మన మనిషి చేతనే కొనిపించవచ్చు. దెయ్యాల పుట్టుకను ఇంత దగ్గరగా చూసినవాడికి వాటి మీద భయం ఎక్కడుంటుంది?

అయినా ఈ ఒక్క సంగతి రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

ఇల్లు చూపించడానికి మాలో కొన్ని మర్యాదలున్నాయి. పాత బ్రోకర్ల వెనక తిరిగి నేర్చుకున్నవి. ఖాళీ ఇల్లయినా చెప్పులు గడప బయటే విడవాలి. కొనేవాళ్లను ముందు పోనిచ్చి మనం తలుపు దగ్గరే నిలబడాలి. ఆడవాళ్లు వంటిల్లు చూస్తుంటే లోపలికి పోకూడదు. ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగితే అబద్ధం ఆడకూడదు, అడగకపోతే చెప్పకూడదు. అన్నిటికంటే గట్టిది ఇంకొకటుంది. చూపించేటప్పుడు ఇంటి మనిషి ఇంట్లో ఉండకూడదు. ఆ ముఖం ఎదురుగా ఉంటే కొనేవాళ్లకు వంకలు పెట్టడానికి నోరు రాదు. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాం గానీ, ఒక మనిషిని తన ఇంట్లోంచే బయటికి పంపడం అది. ఇన్నేళ్లయినా నాకు అది మింగుడు పడదు.

ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధిలో నాగవేణమ్మ ఇల్లు చూపించినన్నాళ్లూ ఆమెను అలాగే పంపాను. ఎదురింటి అరుగు మీద కొంగు కప్పుకుని కూర్చునేది. 

ఆమె భర్త ఉరుకుందప్ప ముందు గదిలో గుంట మగ్గం నేసేవాడు. నేలలో నడుము లోతు గుంట తవ్వి ఉంటుంది. దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, అడుగున పలకలు తొక్కుతూ నేస్తారు. ఆయన ఆ మగ్గం మీదే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆదోనిలో పత్తి మిల్లు పనికి పోయిన నాగవేణమ్మ అప్పటికి ఇంకా రాలేదు.

పిల్లలు లేరు. రోజూ బస్సులో ఆదోనికి పోయి రావడం ఆమెకు చేతకావడం లేదు. ఈ ఇల్లు అమ్మి, మిల్లు వెనక వీధిలో ఒక్క గది ఇల్లు కొనుక్కోవాలన్నది ఆమె ఆశ. దాన్ని చూపించింది కూడా నేనే. "గది ఒక్కటైనా సాలన్నా, తాళం నాదుండాల" అంది. ఆ ఇంటాయన కొన్నాళ్లు ఆగుతానన్నాడు.

మగ్గం గుంట ఉంటే ఇల్లు ఎవరూ కొనరని ఆమె మరిది వచ్చి మగ్గం విప్పేసి, గుంటలో కంకర పోయించి, సిమెంటు వేయించి, గదంతా ఒకే రకం టైల్స్ పరిపించాడు. నెల మాసికం కూడా కాకముందే ఈ పని అయిపోయింది. పని మాత్రం బాగా చేయించాడు. గుంట ఎక్కడుండేదో ఎంత చూసినా నాకు తెలియలేదు.

మొదట దేవనకొండ నుంచి ఒక రైతు, ఆయన భార్య వచ్చారు. అంతా చూసి, ముందు గది ఇరుకుగా ఉందన్నారు. తర్వాత వచ్చినవాళ్లూ అదే మాట. ఆ వీధిలో అంత పెద్ద గది ఇంకో ఇంట్లో లేదు. పైగా అందులో ఒక్క సామాను లేదు. ఇరుకెక్కడిది?

తలుపు దగ్గర నిలబడి చూసేవాణ్ని కాబట్టి నాకు ఒకటి కనబడింది. గదిలోకి వచ్చినవాళ్లెవరూ కిటికీ ముందు భాగంలో అడుగు పెట్టడం లేదు. నేరుగా కిటికీ వైపు నడిచినవాళ్లు కూడా మధ్యలో పక్కకు తిరిగి, గోడ వెంబడి పోతున్నారు. రైతు భార్య అక్కడికి రాగానే కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుంది. ఒకరి వెంట వచ్చిన చిన్న పాప గదంతా పరుగులు పెట్టింది, ఆ పాప కూడా అక్కడ చుట్టు తిరిగే పోయింది. ఎవరికీ తాము చేస్తున్నది తెలిసినట్టు లేదు. కొత్త టైల్స్ జారుతాయని భయమేమోలే అనుకున్నాను. 

చివరికి ఒక స్కూలు సారు వచ్చాడు. టేపు పట్టుకుని గోడల వెంబడి కొలిచాడు.

"కొలత సరిగ్గానే ఉండాదప్పా. కానీ ఇరుకు. మగ్గమోళ్ల ఇల్లు కదా, ఇట్లనే ఏడుస్తాది" అన్నాడు. చెప్పిన ధరలో పెద్ద ముక్క కోసేశాడు.

ఆయన గొంతు పెద్దది. ఎదుటి అరుగు మీద నాగవేణమ్మ తల వంచుకుంది. నాకు ఒళ్లు మండింది. మర్యాద ఎటు పోయిందో, "ఇరుకెక్కడుంది సార్, చూడండి" అని తలుపు నుంచి కిటికీకి తిన్నగా నడిచాను.

మెట్లు అయిపోయాయనుకుని అడుగు వేస్తే ఇంకో మెట్టు ఉన్నప్పుడు ప్రాణం ఎలా జారుతుందో, అలా జారింది. నా కంటికి టైల్స్ కనబడుతున్నాయి. కాలికి మాత్రం నేల తగల్లేదు. ముందుకు పడ్డాను. గడ్డం పగిలింది, మడమ వాచింది.

సారు పగలబడి నవ్వాడు. "సదునుగుండే నేల మీద పడినావేమప్పా? పొద్దున్నే తాగినావా?" అంటూ భార్యకు ఫోన్ చేయడానికి బయటికి పోయాడు.

చప్పుడు విని నాగవేణమ్మ పరిగెత్తుకొచ్చింది. గోడ వెంబడే వచ్చి, నన్ను లేపి, గొంతు తగ్గించి చెప్పింది. "ఆడ నడవొద్దన్నా. నేను ఊడ్సేది గూడా సుట్టూనే."

ఇంట్లో ఎవరైనా పోయారా అని సారు అడగలేదు.

ఆ తర్వాత బేరానికి ఎవరూ రాలేదు. ఆదోని ఇంటాయన ఇక ఆగనన్నాడు, ఆ గదిని వేరేవాళ్లకు ఇచ్చేశాడు. సారు అన్న ధరకే నాగవేణమ్మ ఒప్పుకుంది. ఆ డబ్బుతో ఆదోనిలో అలాంటి గది ఇంకోటి రాదు. ఆ మాట నేను చెప్పకముందే ఆమెకు తెలుసు. "అద్దెకే పోతాలే అన్నా" అంది. ఆ సారు మీద, ఆ మరిది మీద, గదిని చూసి పెదవి విరిచి పోయిన ప్రతి మనిషి మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కోపంతో ఇల్లు రాదుగా.

రిజిస్ట్రేషన్ అయ్యాక తాళాలిచ్చే రోజు. మధ్యాహ్నం, ఎండ బాగా కాస్తోంది. సారూ ఆయన భార్యా దిష్టి గుమ్మడికాయ పట్టుకుని వీధిలో నిలబడ్డారు. ఇంటి మనిషి ఇంటికి చివరి దండం పెట్టుకునేటప్పుడు మేం బయటే ఉండాలి. నేను గడప ఇవతల ఆగాను.

లోపలి నుంచి నాగవేణమ్మ పిలిచింది. "అన్నా, ఒగసారి సెయ్యియ్యి."

కిటికీ ముందు కూర్చుని ఉంది. కిటికీ వెలుగు నా కళ్లలో పడుతోంది. చీర చుట్టూ పరుచుకుని ఉంది, పాదాలు కనబడలేదు. గోడ వెంబడి పోయి, మోకాలి మీద కూర్చుని, చెయ్యి చాపాను. ఆమె చెయ్యి అందలేదు. ఇంకా వంగాను. పడిపోకుండా ఎడమ చెయ్యి టైల్స్ మీద ఆనించాను. అప్పుడు అందింది. నా ఎడమ చెయ్యి నేల మీద ఉంది. ఆమెను పట్టుకున్న కుడి చెయ్యి అంతకంటే కింద ఉంది. ఇది నేను ఎవరి ముందైనా ఇలాగే చెబుతాను.

లాగాను. మిల్లు పనికి ఎండిపోయిన మనిషి, ఎంత బరువుంటుంది? నాకు భుజం ఊడినంత పనైంది. గోడకు కాలు తన్ని పెట్టి, రెండు చేతులతో లాగాను. అది ఒక్క మనిషి బరువు కాదు.

ఉన్నట్టుండి తేలికైంది. ఆమె నా పక్కన నిలబడి ఉంది. చీర దులుపుకుంది.

"పొద్దుగూకేతలికి గుంటలో ఆయప్ప కాళ్లు తిమ్మిరెక్కి పైకి లేసేకి అయ్యేది కాదు" అంది. "దినామూ నేనే సెయ్యిచ్చి లాగుతాంటిని. ఆ పొద్దు నాకు బస్సు దొరకలా. పిలిసినాడంట. వీదంతా ఇన్నారంట. ఎవురూ రాలేదన్నా."

చెప్పి, గది మధ్యలోంచి తిన్నగా నడిచి బయటికి పోయింది. ఆమె వెనక నేనూ అడుగులో అడుగు వేశాను. కాలి కింద నేల గట్టిగా ఉంది.

తాళాలు సారు చేతిలో పెట్టాను. ఆయన గుమ్మడికాయ కొట్టి, లోపలికి పోయి, తలుపు నుంచి కిటికీ దాకా ఒక్క వంకర లేకుండా నడిచాడు. కిటికీ దగ్గర నిలబడి గదంతా కలయజూశాడు.

ఆ గదిలో జరిగింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పూడ్చిన గుంటలో నా కాలు ఎలా దిగిందో, నేను లాగిన బరువు ఎవరిదో ఎన్నిసార్లు తలచుకున్నా అంతుపట్టదు. డాక్టర్‌కు చెబితే భుజానికి మందు రాసిచ్చాడు. 

సారు అన్న మాట మాత్రం చెవిలోంచి పోదు. నాగవేణమ్మ అప్పటికి గడప బయట చెప్పులు వేసుకుంటోంది.

"ఏమే, రూము పెద్దదే!" అని భార్యను కేకేశాడు. "ఆ పొద్దు నాకెందుకో ఇరుకనిపించినాది. నా అదృష్టం సూడు, ఇరుకు ధరకే వచ్చినాది."