జల్లెడమ్మ పెట్టిన తీసివేత గుర్తు

ఆచూకీ విభాగంలో ఆమెను సొంత పేరుతో పిలిచేవారు లేరు. అందరికీ ఆమె జల్లెడమ్మ. తప్పిపోయినవారి వివరాలూ, ఎవరో తెలియకుండా దొరికినవారి వివరాలూ నమోదు చేసి, ప్రజలు తమవారిని వెబ్‌సైట్‌లో వెతుక్కునే ఏర్పాటు చేయడం ఆ విభాగం బాధ్యత. వెతికేవారు పెట్టెలో టైపు చేసిన మాటలను విడదీసి, దేనిని ఎలా గ్రహించాలో కంప్యూటరుకు తెలియజెప్పే ప్రోగ్రాం రాసింది ఆమె. పక్కపక్కన రెండు మాటలుంటే ఆ రెండూ ఉన్న నమోదులే రావాలి. నడుమ ‘లేదా’ అని ఉంటే ఏ ఒక్కటి ఉన్నా చాలు. మాటకు ముందు తీసివేత గుర్తు, అంటే ఒక చిన్న అడ్డగీత, పెడితే ఆ మాట ఉన్నవన్నీ తొలగిపోవాలి. గడ్డం అని రాసి, కళ్ళజోడుకు ముందు ఆ గీత పెడితే, గడ్డం ఉండి కళ్ళజోడు లేనివారే కనబడతారు.

“జనం రాళ్ళూ రప్పలూ కలిపి పోస్తారు. గింజ తేల్చేది మా జల్లెడమ్మ,” అని కార్యాలయం డ్రైవరు ఒకనాడు అనడంతో ఆ పేరు స్థిరపడింది.

“రాళ్ళన్నీ నువ్వు పోసినవే బాబాయ్! మొన్న పోయిన గొడుగు కోసం ఇందులో వెతికావట కదా!” అన్నది ఆమె, తల ఎత్తకుండానే.

ఆ పనిలో ఆమెకు జీతాన్ని మించిన అక్కర ఒకటి ఉండేది. ఆమె అన్నగారు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కుదురైన ఉద్యోగం మరొకసారి వదిలి వచ్చాడని ఒక ఉదయం తల్లి ఆయనపై నిప్పులు చెరిగింది. మాటకు మాట పెరిగింది. “పో! మళ్ళీ నీ మొహం నాకు చూపించకు,” అన్నది తల్లి. ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకొని మెట్లు దిగాడు. అటువంటి తగవులు ఆ ఇంట కొత్త కావు. పొద్దుగుంకేసరికి చల్లబడి వచ్చేవాడు. ఈసారి రాలేదు.

ఇంట మిగిలినది ముగ్గురు ఆడవారు: తల్లి, ముందుగదిలో మిషను పెట్టుకొని బట్టలు కుట్టే వదినగారు, పెళ్ళి మాట ఎత్తనివ్వని జల్లెడమ్మ. తల్లికి ఒక్కటే పట్టుదల. “వాడు ఒక్కసారి గుమ్మంలో నిలబడాలి. నేనన్న మాట వెనక్కి తీసుకోవాలి. అందాకా యముడొచ్చినా బయటే కూర్చోమంటాను,” అనేది.

కూతురు ఆమెకు ఫోనులో వెతకడం నేర్పింది. తల్లి రోజూ భోజనమయ్యాక కళ్ళజోడు తుడుచుకొని, ‘ఎడమ బొటనవేలు గోరు లేదు’ అని కొట్టేది. అన్నగారి ఆ గోరు చిన్ననాడే తలుపు సందున నలిగి ఊడిపోయింది. అలా వెతుకుతుండగా ఒకనాడు ఎవరిదో నీటిలో నానిన ముఖం ఫోను నిండా ప్రత్యక్షమైంది. తల్లి కుర్చీలోంచి ఒరిగిపోయింది. తేరుకున్నాక కూడా వారంపాటు ముద్ద దిగలేదు.

తల్లి ఒరిగిపోయిన మరునాడే జల్లెడమ్మ అధికారి ఎదుట నిలిచింది. “సార్, బతికున్నవాళ్ళ కోసం వచ్చినవాళ్ళకి శవాలు చూపిస్తున్నాం.”

“మనకి వచ్చే ఫిర్యాదుల్లో సగం అవేనమ్మా. ఏం చేద్దామంటావు?”

“వాళ్ళు కొట్టిన మాటల చివర, వాళ్ళకి కనబడకుండా, మనమే ఒక తీసివేత గుర్తు పెడదాం సార్. మృతి అనే మాట ఉన్నవి రావు. కావాలంటే ఆ మాట వాళ్ళే కొట్టుకుంటారు.”

డ్రైవరు అక్కడే ఉన్నాడు. “అడిగింది తీసేస్తే జల్లెడ. అడగంది కూడా తీసేస్తే దాన్నేమంటారు జల్లెడమ్మా?” అన్నాడు. అధికారి నవ్వి, సంతకం చేశారు. ‘వెతుకువారు మృతి అను మాటను స్వయముగా టైపు చేసిన సందర్భమున తప్ప, మృతుల నమోదులు చూపబడరాదు’ అన్న ఆ ఉత్తర్వు ప్రతులు, అదే విభాగంలో గుమాస్తానైన నా చేతిమీదుగానే వెళ్ళాయి. పెట్టె కింద చిన్న అక్షరాలతో ఆ సూచన కూడా ఉంచారు.

ఫిర్యాదులు ఆగిపోయాయి. ఆమె పని మెప్పు పొందింది. అయితే, తనవారి గుర్తుల పక్కన ఆ మాటను తన వేళ్ళతో ఎవరు కొడతారు? ఏ తల్లీ కొట్టలేదు. గుర్తు పెట్టిన జల్లెడమ్మ సైతం పరుల వివరాలతో దానిని పరీక్షించిందే గాని, అన్నగారి గోరు పక్కన ఆ మాట చేర్చడానికి ఆమెకు చేయి రాలేదు.

తల్లికి మాత్రం రోజూ ‘ఏమీ దొరకలేదు’ అన్న జవాబే వచ్చేది. ఆమె దానికి సంబరపడేది. “దొరకలేదంటే ఎక్కడో తిరుగుతున్నాడన్నమాటే కదే!” అనేది. కూతురు “అంతే కదమ్మా,” అనేది. వదినగారు మిషను తొక్కడం ఆపి ఆడపడుచు ముఖంలోకి చూసేది.

ఏడాది తిరగకముందే వదినగారు ఒక మధ్యాహ్నం, మెడలో కొలతల టేపుతోనే, కార్యాలయానికి వచ్చింది.

“ఏమ్మా ఆడపడుచా, మీ పెట్టె కింద చీమ తలకాయంత అక్షరాలున్నాయి. కూడబలుక్కుని చదివాను. నిజమేనా?”

“వదినా, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.”

“ఇంట్లో అత్తయ్య ఉంటుంది. ఇక్కడే చెప్పు. జల్లెడ పట్టాక పొట్టు ఎటు పోస్తున్నావు?”

“ఆ మాట కొట్టకు వదినా. నీకు దండం పెడతాను.”

“ఆయన ఉంటే రావాలి, లేకపోతే లేరని తెలియాలి. తలుపు మూయనూలేక, తెరవనూలేక ఎన్నాళ్ళు పట్టుకు నిలబడను? నువ్వు కొడతావా, నన్ను కొట్టమంటావా?”

జల్లెడమ్మ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. వదినగారే వంగి, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ గోరు గుర్తునూ, పక్కన ఆ మాటనూ కొట్టింది. ఒకే ఒక నమోదు వచ్చింది.

కట్టడం పూర్తికాని భవనంలో లిఫ్టు గోతిలో పడి మృతి. పేరు తెలియదు. ఎడమ బొటనవేలు గోరు లేదు. తెల్ల చొక్కా, కాలరు నీలం దారంతో కుట్టి ఉన్నది. బంధువులు రానందున, గడువు ముగిసిన పిమ్మట ఖననం చేయడమైనది.

“తెల్ల దారం అయిపోయిందప్పుడు,” అన్నది వదినగారు. “ఎవరు చూస్తారులే, కుట్టెయ్ అన్నారాయన.”

నమోదు తేదీ ఉత్తర్వు తేదీకి తరువాతది. గోతిలో పడిననాటికి ఆయన ఇల్లు వదిలి చాలాకాలం కాలేదు. ఊరి ఆ చివర కూలికి పనిచేస్తున్నాడు. దేహం శవాగారంలో ఎదురుచూసిన రోజులన్నిటా తల్లి ఆ గోరు కోసం వెతుకుతూనే ఉన్నది. వదినగారు కూడా ఆ తేదీ చూసింది. మెడలోని టేపు తీసి చుట్ట చుట్టింది. ఆడపడుచును తిట్టి ఉంటే బాగుండేది.

ఉత్తర్వు మార్చడానికి అధికారి ఫైలు పెట్టమన్నారు. ఫైలు కదిలేవరకు జల్లెడమ్మ ఆగలేదు. తాను పెట్టిన గుర్తును తానే చెరిపివేసి ఇంటికి వెళ్ళింది.

కొడుకు నమోదులో ఉన్నదంతా తల్లి విన్నది. అప్పుడు అడిగింది. “ఎవరూ రాలేదని వాళ్ళే రాశారా?”

“అవునమ్మా.”

“అదేమిటే! నేను రోజూ వెతికాను కదే!”

జల్లెడమ్మ చెప్పింది. తల్లి కుర్చీ నుంచి పడిపోయిన నాటి నుంచి చెరిపివేసిన గుర్తు వరకు, ఏదీ దాచలేదు. తల్లి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. గోడవైపు తిరిగి పడుకున్నది.

మరునాడు భోజనమయ్యాక ఆమె ఎప్పటిలాగే కళ్ళజోడు తుడుచుకొని, గోరు లేదని కొట్టింది. కొడుకు నమోదు తెరమీదకు వచ్చింది. దానిని చూసి, కూతురిని పిలిచింది.

“ఆ గీత ఎక్కడుంటుందే?”

“ఏ గీతమ్మా?”

“నువ్వు పెట్టానన్నావే, తీసేసే గీత. చూపించు.”

కూతురు చూపించింది. చూపించకుండా ఉండే హక్కు తనకు మిగల్లేదని ఆమెకు తెలుసు. తల్లి వేలితో గీత నొక్కి, ఇన్నాళ్ళూ తాకని ఆ మాటను దాని పక్కన పూర్తిగా కొట్టింది.

ఏమీ దొరకలేదు, అని వచ్చింది.

“చూశావా,” అన్నది తల్లి. ఫోను కొంగుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకొని, గుమ్మం వైపు తిరిగి కూర్చున్నది.