బొంగురు గొంతు

కరోనాకు బడి మూతపడినప్పుడు నేను ఏడో తరగతి. హాలియా దగ్గరి మా ఊళ్లో ఫోన్‌లో పాఠాలు వింటూ, సిగ్నల్ పోతే అవ్వతో మేకల వెంట తిరుగుతూ గడిపాను. మళ్లీ క్లాసులో కూర్చునేసరికి తొమ్మిదో తరగతికి వచ్చాం.

మొదటిరోజు సారు హాజరు పిలుస్తుంటే, వెనక బెంచీ నుంచి "ప్రజెంట్ సార్" అని బొంగురు గొంతు వినిపించింది. అందరం ఉలిక్కిపడి వెనక్కి తిరిగాం. ఒకప్పుడు ప్రార్థన వరుసలో అందరికంటే ముందు నిలబడే పొట్టివాడే!

"జర లేచి నిలబడు బిడ్డా," అన్నారు సారు. వాడు లేచాడు. సారు కంటే ఎత్తున్నాడు.

"గింత ఎప్పుడు పెరిగినవ్‌రా?"

"ఏమో సార్. ఇంట్లనే ఉన్న."

ఎవరూ నవ్వలేదు. సారు మా అందరినీ లేవమన్నారు. కొత్తవాళ్లను చూసినట్టు ఒకరినొకరం చూసుకుంటూ, మాస్కుల వెనక నోళ్లు తెరుచుకుని అలాగే నిలబడిపోయాం.