మా ఊరు కదిలిందా సార్?

మా ఆయన సంజీవప్ప హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో పాలిటిక్స్ చెప్పేవారు. నేను ఐదో తరగతితో ఆపినదాన్ని. రాజ్యాంగమనీ, కేంద్రమనీ, రాష్ట్రాల హక్కులనీ ఆయన చెప్తుంటే చెనిక్కాయలు ఒలుస్తూ ఊ కొట్టేదాన్ని. మాకు పిల్లలు లేరు. కాలేజీలో కూడా అందరూ కంప్యూటర్ల వైపు పోయి, ఆయన క్లాసులో నలుగురైదుగురు మిగిలారు.

"నా చదువు ఎవరికన్నా కావాల్నా?" అనేవారు. అదే ఆయన దిగులు.

తొంభై ఆరులో పీహెచ్‌డీకి చేరారు. భాషను బట్టి రాష్ట్రాలకు గీత గీశారు కదా, ఆ గీత పక్కన బతికేవాళ్ళు తమది ఏ రాష్ట్రమనుకుంటారు అన్నది ఆయన ప్రశ్న. ఆదివారాలు బస్సెక్కి మడకశిర అవతలి పల్లెలకు పోయేవారు. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు ఉండే ఊళ్ళు అవి.

ఒక పల్లెలో హనుమంతప్ప అని, పట్టుపురుగులు పెంచే ముసలాయన. మీ ఊరు గీతకు ఆ పక్క, కన్నడం రాష్ట్రంలో ఉంటే బాగుండునా అని అడిగితే, మా ఆయన్ను సర్కారు మనిషి అనుకున్నాడంట.

"ఆ పక్కకే రాసుకో సార్. ఆడ కరెంటు బాగుంటాదంట."

"నేను రాస్తే మారదు పెద్దాయనా. నేను ఉత్త పంతుల్ని."

"పెద్ద ఆఫీసర్లంతా అట్లనే అంటారులే!"

ఇక పట్టుగూళ్ళు అమ్మేదానికి మార్కెట్టుకొచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చేవాడు. "ఏమైంది సార్, మా ఊరు కదిలిందా?"

"యాడ కదులుతాది? ఆడనే ఉండాది," అని నేను నవ్వేదాన్ని. మా ఆయన నవ్వేవారు కాదు. తన కుర్చీ ముసలాయన పక్కకు జరుపుకొని, గీత మార్చే హక్కు పార్లమెంటుదని ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచీ చెప్పేవారు. ముసలాయన అంతా విని, "సరే, మీ ప్రయత్నం మీరు చేయండి" అని లేచేవాడు.

రెండువేల మూడులో డాక్టరేటు వచ్చింది. ఏం రాశావని కాలేజీలో ఒక్కరూ అడగలేదు. ధర్మవరం నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, "జీతం పెరుగుతాదా బావా?" అన్నాడు.

నాలుగేళ్ళకు, పెనుకొండ దగ్గర బస్సులోనే ఆయన గుండె ఆగిపోయింది.

వచ్చినవాళ్ళంతా ఆయన మంచితనం గురించి చెప్పారు. చదువు మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ పోయాక ఒకరోజు హనుమంతప్ప వచ్చి, ఖాళీ కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు.

"సారు పోయినాడు. ఇంక మా ఊరు ఈడనే ఉంటాదిలేమ్మా."

"గీత మార్చే హక్కు పార్లమెంటుది పెద్దాయనా," అన్నాను.

"చెప్పమ్మా."

మా ఆయన చెప్పినట్టే మొదటినుంచీ చెప్పాను. ముసలాయన ఊ కొట్టాడు.