సంచిలో మిగిలిన సీసాలు

ఆసిఫాబాద్ రోడ్ దాటి బండి కాగజ్‌నగర్‌కు దగ్గరపడుతుండగా కిటికీలోంచి ఆ వాసన వచ్చింది. గుజ్జు ఉడికే వాసన, కుళ్ళిన కోడిగుడ్డు లాంటి వాసన. ఎదురు సీటులో ఉన్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఈ ఊళ్లో మనుషులెట్లా బతుకుతారమ్మా అని నన్నే అడిగింది. ఆ ఊళ్లోనే పుట్టానని ఆమెకు చెప్పలేదు. ఊపిరి నిండా పీల్చుకుని కూర్చున్నాను. కాగితం మిల్లు మూతపడిన నాలుగేళ్లూ మా ఊరికి ఈ వాసన లేదు. మిల్లు మళ్లీ తెరిచారు, వాసన తిరిగొచ్చింది. దానికోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూసిన పోశెట్టి మామ మాత్రం లేడు. అందుకే ఊరికి వచ్చిన ప్రతిసారీ స్టేషన్ రాకముందే నాకు ఏడుపొస్తుంది.

పోశెట్టి మామ మాకు చుట్టం కాడు. మిల్లు క్వార్టర్లలో ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడ, అంతే. మిల్లులో ఎలక్ట్రీషియన్. ఇంట్లో ఆయనా, భార్య రాజవ్వ అత్తా ఇద్దరే, పిల్లలు లేరు. దుబాయిలో ఉండే తమ్ముడు సత్తయ్య ఓసారి వస్తూ పాత కంప్యూటర్ ఒకటి తెచ్చిచ్చాడు. అందులో ఎవరో ఆడి వదిలేసిన ఆట ఒకటి ఉంది. కత్తులు, మంత్రాలు, గుహలు, రాక్షసులు. నలుగురిని ఎంచుకుని జట్టు కట్టి, కొండల అవతలున్న కోట దాకా నడిపించుకుపోవాలి. రాతంతా ఇంగ్లీషే. మామకు మోటార్ల మీద ఉండే ఇంగ్లీషు తప్ప రాదు. నేనప్పుడు పదో తరగతి. గోడ మీంచి పిలిచాడు.

"సరితా, జర గిటు రా బిడ్డా. గీండ్ల ఏం రాసిందో నువ్వు సదువు. ఏం చెయ్యాల్నో నేను సెప్త."

అలా మొదలై, రెండేళ్లు ఆదివారం మధ్యాహ్నాలన్నీ ఆ కంప్యూటర్ ముందే గడిచాయి. మొదటి జట్టు నేనే కట్టాను. నలుగురికీ నలుగురూ కత్తివీరులు. చూడ్డానికి ఏం దర్జాగా ఉన్నారో! మొదటి గుహలోనే తలుపు తాళం తీయడం ఎవరికీ చేతకాలేదు. వెనక్కి తిరిగితే సాలీళ్లు మీద పడ్డాయి, గాయాలకు కట్టు కట్టే దిక్కు లేక నలుగురూ అక్కడే పోయారు. మామ నవ్వలేదు. మిల్లులో పనికిరాక పారేసిన కాగితాల కట్ట ఆయనింట్లో ఎప్పుడూ ఉండేది. అందులోంచి ఒకటి లాగి నా ముందు పెట్టాడు.

"షిఫ్టుల నలుగురూ వెల్డర్లే ఉన్నరనుకో. మోటర్ కాలితే ఏం జేస్తరు? ఒకని మొకం ఒకడు సూసుకుంటరా? ఒకడు బరువు మొయ్యాలె, ఒకడు కరెంటు సూడాలె, ఒకడు సందుల దూరాలె, ఒకడు అందర్నీ కనిపెట్టుకోని ఉండాలె. రాయి."

రాశాను. ముందు నిలబడి దెబ్బలు కాచే డాలువాడికి పోశెట్టి అని తన పేరే పెట్టుకున్నాడు. తాళాలు తీసేవాడు సత్తయ్య. నోరు తెరిస్తే నిప్పులు కురిపించే మంత్రగత్తెకు రాజవ్వ అని అత్త పేరు పెట్టి, వంటింటి వైపు ఓరగా చూశాడు. "గా మంత్రమేందో నీ మీద్నే సూపిస్త ఆగు," అని అత్త లోపలినుంచే అంది. ఇక మిగిలింది గాయాలు మాన్పే మనిషి. దానికి నా పేరు పెట్టాడు. నేను మూతి ముడుచుకున్నాను. నాకు కత్తి కావాలన్నాను.

"కత్తి ఎవలన్న పడ్తరు బిడ్డా. నలుగురి మీద కన్నుంచేటోళ్లే దొరకరు. నువ్వు మాట్లాడవు గని అన్ని సూస్తవు."

మా ఇంట్లో నన్ను అందరూ మొద్దు అనేవారు. నోట్లో నాలుక లేనిదని బడిలో టీచర్లూ అనేవారు. నాలో పనికొచ్చేది ఒకటుందని మొదట చెప్పినవాడు ఆయనే. ఆ రోజు రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు, సంతోషంతో. ఆటలో ఒక్కొక్కరి తల మీదా ఒక ఎర్రగీత ఉండేది. దెబ్బ తగిలితే గీత తగ్గుతుంది. అది చూస్తూ ఎవరిది సగానికి దిగితే వాళ్లకు మందు పట్టడం నా పని.

ఆ పనిలో నేనొక తప్పు చేసేదాన్ని. మందు సీసాలు వాడటానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. ముందు ముందు పెద్ద రాక్షసుడు వస్తాడు, అప్పటికి ఉండాలని దాచేదాన్ని. ఓసారి వంతెన దగ్గర జరిగిన పోరులో డాలువాడి గీత దిగుతూ దిగుతూ ఉంటే, ఇంకొక్క దెబ్బకు ఆగుతాడులే అనుకున్నాను. ఆగలేదు. పోశెట్టి పడిపోయాడు. వెనకే మిగిలిన ముగ్గురూ. మామ సంచి తెరిచి చూశాడు. నిండా సీసాలే.

"ఇన్ని పెట్టుకోని సస్తరా బిడ్డా?"

"పెద్దోడు వస్తే అక్కరకొస్తయని ఉంచిన మామా."

"ముందటోడే పోయినంక ఆ పెద్దోనికి ఎవలు ఎదురు నిలవడాలె?"

కోపం లేదు ఆ మాటలో. అయినా సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ మొదటినుంచి ఆడాం.

ఇంటరు అయ్యాక నర్సింగుకు పోతానన్నది నేనే. బాపు టీచరు కోర్సు చదవమన్నాడు. మామ గోడ మీంచి తలపెట్టి, "మా జట్టుల గదే పని జేసింది, దాన్ని పోనియ్యి," అన్నాడు. ఆదిలాబాద్‌లో చేరాను. నేను చేరిన ఏడే మిల్లు మూతపడింది. గొట్టం పొగ ఆగింది, వాసన ఆగింది, మిల్లు దవాఖాన తలుపులు కూడా పడ్డాయి. మామకు బీపీ ఉంది. గోలీలు ఆ దవాఖానలోనే తెచ్చుకునేవాడు. మూసే ముందు అందరికీ ఇచ్చినట్టే ఆయనకూ కొన్ని నెలలకు సరిపడా ఇచ్చి పంపారట.

సెలవులకు వచ్చినప్పుడు చూస్తే మామ ఊళ్లో బోరు మోటార్లు బాగుచేస్తూ తిరుగుతున్నాడు. మనిషి ఉబ్బినట్టున్నాడు. ఆట ఆడుతూ మాటిమాటికీ మెడ వెనక రుద్దుకుంటున్నాడు.

"గోలీలు ఏసుకుంటున్నవా మామా?"

"ఏసుకుంటున్న బిడ్డా. ఏం ఫికర్ జెయ్యకు. అగో, రాజవ్వ గీత దిగుతుంది సూడు."

నేను తెర మీది రాజవ్వకు మందు పట్టాను. పక్కన కూర్చున్న మనిషిని మళ్లీ అడగలేదు. అప్పటికి బీపీ చూడటం నేర్చుకున్నాను. చూసే యంత్రం నా బ్యాగులోనే ఉంది.

మిల్లు మూతపడిన రెండో ఏడు ఎండాకాలంలో, ఎవరి పొలంలోనో మోటారు ఎత్తబోయి పడిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. నేను బస్సు దిగేసరికే అంతా అయిపోయింది. దినాలు అయిన మర్నాడు రాజవ్వ అత్త బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మూత తీస్తే గోలీల షీట్లు. చాలావాటిలోంచి ఒక్క గోలీ కూడా తీయలేదు. తేదీ కూడా దాటిపోయింది.

"మిల్లు తెరిచేదాంక వీటితోనే ఎల్లదియ్యాలె అనేటోడు బిడ్డా," అంది అత్త. "దినాం ఏసుకుంటే అయిపోతయట. తలకాయ బాగ నొచ్చినప్పుడే ఒకటి మింగేటోడు. సర్కారు దవాఖానకు పోరాదయ్యా అంటే, మిల్లు కార్డున్నోన్ని, మిల్లు రేపో మాపో తెరుస్తరు, నేను ఆడ పేరెందుకు రాయించుకోవాలె అన్నడు. నీకు సెప్పొద్దన్నడు. పరేషాన్ అయితదన్నడు."

ఆ డబ్బా పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు. ఆయన మీద కోపం వచ్చింది. నాకు నేర్పినవాడికి ఆ మాత్రం తెలియదా అని మనసులో తిట్టుకున్నాను. తర్వాత ఆ కోపం నా మీదికే తిరిగింది, ఇప్పటికీ పోలేదు. నలుగురి మీద కన్నుంచుతానని నన్ను ఎంచుకున్నాడు. ఒక్కసారి ఆ షీటు చూపించమని అడిగి ఉంటే చాలు.

ఊరికి వచ్చిన ప్రతిసారీ అత్త దగ్గరికి పోయి ఆమె బీపీ చూస్తాను. కంప్యూటర్ పాడైపోయింది, అత్త దాని మీద గుడ్డ కప్పి ఉంచింది. ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. వార్డులో డ్యూటీలు వేసేది నేనే. ఎవరు బరువు మోస్తారు, ఎవరు కొత్త మెషిన్లు చూస్తారు, ఎవరు ఏడ్చేవాళ్ల పక్కన కూర్చుంటారు అని చూసుకునే, ఒక్కో డ్యూటీకి నలుగురిని కలుపుతాను. బీపీ చూపించుకోవడానికి వచ్చేవాళ్లంతా ఒకే మాట చెప్తారు. మొన్న హుస్నాబాద్ నుంచి వచ్చిన ముసలాయన కూడా అదే అన్నాడు.

"ఏసుకుంటున్న బిడ్డా."

"మంచిది తాతా," అని నేను చెయ్యి చాపాను. "షీటు సూపియ్యి."

ఆయన నా మొహం చూసి, జేబులో చెయ్యి పెట్టాడు.