తెర మీద గుండ్రం, కాగితం మీద కోడిగుడ్డు

మొన్న మా మనవరాలు ఫోను తెర మీద వేలితో వంకరటింకరగా ఒక సున్నా చుట్టి, వేలెత్తకుండా క్షణం ఆగేసరికి, ఆ వంకరంతా తనంతట తానే సర్దుకుని చక్కటి గుండ్రమైపోయింది. ఆ పిల్ల దాన్నేమీ వింతగా చూడలేదు గానీ నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది. ఎందుకో చెబితే మన ఈడు వాళ్ళకు అర్థమవుతుంది.

నేను భద్రాచలంలో గోడల మీదా, లారీల వెనకా, దుకాణాల బోర్డుల మీదా అక్షరాలు రాసి బతికినవాణ్ణి. అక్షరాల సంగతెలా ఉన్నా గుండ్రం గీయడంలో నా చేతికి పేరుండేది. మేకు కొట్టి, దారం కట్టి గీసుకునే తోటి పెయింటర్లను చూసి నవ్వుకునేవాణ్ణి. పొగరే అనుకోండి. రెండువేల సంవత్సరం దాటాక ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి, నా రంగులు డబ్బాల్లోనే గట్టిపడ్డాయి, దవాఖానాలో ఆయాగా చేసే మా ఆవిడ జీతం మీదే ఇల్లు నడిచే రోజులొచ్చాయి. అప్పుడు బస్టాండు దగ్గర కంప్యూటర్ల దుకాణం పెట్టిన మా బావమరిది, వచ్చి పని నేర్చుకోమనీ, చేతనైతే అక్కడే ఉండిపొమ్మనీ అన్నాడు. చేతకాకపోతే మిరప కళ్ళాల్లో కూలికి పోవడం తప్ప నాకు వేరే దారేముంది?

నేర్చుకోవడమంటే ఏం చెప్పమంటారు! మౌస్ ఇటు జరిపితే తెర మీద బాణం ఎటో పోయేది, ఒక మూల రంగు పోయమంటే బొమ్మంతా మునిగేది, లేయర్లని ఒకదాని మీద ఒకటి కనబడని కాగితాలుంటాయట, వాటిలో దేని మీద గీస్తున్నానో నాకే తెలిసేది కాదు.

ఆ అయోమయంలోనే నాకు మొదటి పని తగిలింది. ములకలపల్లి వైపు అడవి ఊళ్ళలో అడ్డాకు విస్తర్లు కుట్టే ఆడవాళ్ళు, ఇన్నాళ్ళూ షావుకారు పేరు మీద అమ్ముడైన సరుకును ఆ ఏటి నవమికి తమ సంఘం పేరుతో అమ్ముకోవాలని, కట్టల మీద అంటించడానికి స్టిక్కర్లు అడిగారు. వాళ్ళలో పెద్దామె ఒకే మాట చెప్పింది.

“మా విస్తరి లెక్క గుండ్రంగ ఉండాలె అన్నా.”

షిఫ్ట్ మీట నొక్కిపట్టి లాగితే కొలిచినట్టు గుండ్రం వస్తుందని బావమరిది ముందే చెప్పాడు. లాగాను, నిలువుగా సాగిన గుడ్డు వచ్చింది. మళ్ళీ లాగాను, మళ్ళీ గుడ్డే. మీటకేం తెలుస్తుంది, ఇన్నేళ్ళ నా కన్ను ఉండగా అనుకుని, పైనుంచి కొంచెం కొంచెంగా అదిమి, చూపుకు నిండు గుండ్రం అయ్యేదాకా దిద్ది, మధ్యలో మూడాకులు పెట్టి ఖమ్మం ప్రెస్సుకు పంపించాను.

అచ్చయి వచ్చిన కట్ట ఆ ఆడవాళ్ళ ముందే విప్పాం. అన్నీ పడుకోబెట్టిన కోడిగుడ్లు! పెద్దామె ఒక స్టిక్కరును అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇదేంది అన్నా, మేం గిట్ల కుడతమా?”

కోపంతో అనలేదు, నిజంగానే అడిగింది. అదే నన్ను చంపేసింది. మళ్ళీ అచ్చు వేయించే వ్యవధి లేదు, ఆ ఏడు కూడా వాళ్ళ విస్తర్లు షావుకారు పేరు మీదే పోయాయి.

వాళ్ళు వెళ్ళాక దారం తెచ్చి తెర మీద పెట్టి కొలిచాను. నిలువూ అడ్డమూ సమానం. అదే దారం స్టిక్కరు మీద పెడితే అడ్డం ఎక్కువ. నాకు మతిపోయింది. బావమరిది వచ్చి స్టిక్కరును తెర పక్కన పట్టి చూశాడు.

“నీ కన్ను కరెక్టే బావా. ఈ మానిటరే బొమ్మను నిలువుకు సాగదీసి చూపిస్తున్నది. ఇగ నుంచి కన్ను పక్కకు పెట్టి మీటను నమ్ము.”

ఓదార్చాడో మందలించాడో నాకు ఇప్పటికీ తెలియదు. దుకాణంలోంచి మాత్రం పొమ్మనలేదు. మరుసటి ఏడు ఆ ఆడవాళ్ళ స్టిక్కర్లు మళ్ళీ నేనే చేశాను; తెర మీద గుడ్డులా కనబడుతున్నదాన్ని గుడ్డిగా పంపిస్తే కాగితం మీద గుండ్రంగా వచ్చింది, వాళ్ళు సంతోషంగా పట్టుకుపోయారు. తర్వాత మానిటర్లు మారాయి, దుకాణమూ మారింది, నేను మాత్రం చూసి గీయడం మానేసి నొక్కి గీస్తూ ఏళ్ళు గడిపేశాను. పని పోలేదు, ఇల్లు నిలబడింది, ఆ మేలు మరిచిపోలేను.

కానీ కన్ను తప్పు చేసి ఓడిపోతే ఒక బాధ, సరిగ్గా చూసి ఓడిపోతే దాన్ని ఏమనాలి? ఈ మధ్య మా చర్చి గోడకు చేత్తోనే ఒక గుండ్రం వేయమంటే, బ్రష్ పట్టి గీసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాను. చాలాసేపు చూశాను. ఏమీ తేలక మా ఆవిడను పిలిచి, ఇది గుండ్రంగానే ఉందా అని అడిగాను.