నా గొంతు పట్టని లాప్‌టాప్

పెళ్ళికి ముందు నేను రావికమతంలో ఒక బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పెళ్ళయి అనకాపల్లి వచ్చాక ఆ పని పోయింది. చాక్‌పీసు పట్టిన చెయ్యి గరిటె పట్టింది. ఇంటి నుంచే పిల్లలకి ఆన్‌లైన్లో పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటి కనబడినప్పుడు, ఇది గనక పోతే ఇక జన్మలో పాఠం చెప్పే యోగం లేదనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఉన్నదల్లా నా కాలేజీ రోజుల లాప్‌టాప్. ఆన్ చేసి అన్నం వార్చి వచ్చినా తెరుచుకునేది కాదు. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు ఫోన్లో, "విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించీ అక్కా, దానికి రెక్కలొత్తాయి" అన్నాడు. వాడు చెప్పినట్టే పెన్‌డ్రైవ్‌తో ఎక్కించాను. పాతదంతా చెరిపేయనా అని అది అడిగితే సరేనని నొక్కాను. రెక్కలు వచ్చాయి గానీ వైఫై పోయింది.

"వైఫైని నడిపే ప్రోగ్రాం, డ్రైవరంటారు, అది లేదక్కా. నెట్లోంచి దించుకోవాల" అన్నాడు వాడు.

"నెట్టుంటే నిన్నెందుకడుగుతానురా?"

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. చివరికి సెల్‌ఫోన్‌ను కేబులుతో తగిలించి, ఆ నెట్టుతోనే డ్రైవర్ దింపాను. తర్వాత స్పీకరు మూగబోయింది. ఎవరో ఎక్కడో రాసిన కమాండ్లు అర్థం కాకపోయినా కాపీ చేసి అంటించాను. అదీ పలికింది. కెమెరాలో నా మొహం కనబడింది.

మైకు ఒక్కటే చూడలేదు. "ఏదైనా మాట్లాడి మీ మైకును పరీక్షించుకోండి" అని, ఆ ఉద్యోగం ఇంటర్వ్యూ పేజీ తెరవగానే వచ్చింది. మాట్లాడొచ్చు. కానీ గోడకవతల వరండాలో మామగారు కూర్చుని ఉన్నారు. మా ఇళ్ళల్లో మామగారికి వినబడేలా కోడలు గొంతెత్తదు. కాఫీ కావాలేమో అడగాలన్నా అత్తగారి చేత అడిగించాలి. ఈ రోజుల్లో కూడానా అని నవ్వేవాళ్ళు ఒక వారం మా ఇంట్లో కాపురం చేసి చూడాలి. ఎవరూ లేని గదిలో హలో హలో అంటే ఆయన ఏమనుకుంటారు? స్పీకరు పలికిందంటే మైకూ పలుకుతుందిలే అని దాటేశాను.

ఆ ఇంటర్వ్యూలో అవతల మనుషులుండరు. ప్రశ్న తెర మీద వస్తుంది, మనం చెప్పే జవాబు రికార్డవుతుంది. మొదటి జవాబులు గోడవతలికి వినబడకుండా గొణిగాను. భిన్నాలంటే ఏమిటో తెలియని పిల్లకి ఎలా చెబుతారని అడిగేసరికి సిగ్గూ భయమూ ఎటు పోయాయో తెలియదు. బెల్లం దిమ్మను సగం చేసి, పావు చేసి, పిల్ల ఎదురుగా ఉన్నట్టే చెప్పాను. వరండాలో మామగారున్న సంగతే మరిచిపోయాను. అలా మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

సాయంత్రం మెయిల్ వచ్చింది. మీ వీడియోలో శబ్దం లేదు, మీ దరఖాస్తును పరిగణించలేము అని. ఇంకొక్కసారి అవకాశం ఇమ్మని బతిమాలుతూ రాశాను. ఎవరికైనా ఒక్కసారే అన్నారు. తమ్ముడు ఎక్కడెక్కడో వెతికి, ఆ లాప్‌టాప్ లోపలి మైకుకి లినక్స్‌లో ఇంకా డ్రైవరే రాలేదని తేల్చాడు.

"ముందే ఓసారి మాటాడి సూసుకోవల్సిందక్కా" అన్నాడు.

వాడి మీద ఇంతెత్తున లేచి ఫోన్ పెట్టేశాను. పాపం, వాడేం చేశాడు? అయినా ఆ పూట ఎవరో ఒకరి మీద అరవకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

వంటింట్లో కళ్ళు తుడుచుకుంటుంటే మామగారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ అంతదాకా రారు. నా వైపు చూడకుండా, నేల చూస్తూ అడిగారు.

"ఏటమ్మా, ఉద్దోగం రానేదా?"

రాలేదన్నట్టు తల ఊపాను.

"అదేటి, అంత బాగా సెప్పేవు గదా. నాను ఇన్నాను."