దేశదేశాల వేషాల నడుమ మన గోచి చీర

మా కుట్టు గురువు, తాండూరు జుబేదా ఆపా తుదిశ్వాస విడిచారన్న దుర్వార్త చెవిన పడ్డప్పుడు నేనొక పెళ్లి రవికకు చేతులు అతుకుతున్నాను. కాళ్లు మిషను మీదే ఆగిపోయాయి. నమ్మబుద్ధి కాలేదు. మొన్ననే కదా, నేను పంపిన రవిక ఫోటో చూసి మెడ వంకరపోయిందని ఫోనులో తిట్టారు.

పూర్వం కుట్టుమిషన్ల కంపెనీ ప్రచారానికి పంచిన రంగుల కార్డులు ఆపా ఇంటి గోడకు అద్దాల పటంలో ఉండేవి. ఒక్కో కార్డులో ఒక్కో దేశపు స్త్రీ తన సంప్రదాయ వేషంలో మిషను ముందు కూర్చుని ఉంటుంది. మిషన్లు బాగుచేసే ఆపా తండ్రిగారు అపురూపంగా దాచినవి అవి. మాకు అవే పాఠ్యగ్రంథాలు. చేరిన ప్రతి అమ్మాయీ ఒక కార్డు ఎంచుకుని, అందులోని దుస్తులను గుడ్డపీలికలతో ఒక బొమ్మకు కుట్టాలి. అది నెగ్గాకే గిరాకీల బట్ట మీద కత్తెర పెట్టనిచ్చేవారు.

పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో వచ్చే నేను హాలండ్ పిల్లను ఎంచుకున్నాను. తెల్ల టోపీ, నల్ల జాకెట్టు, గీతల గౌను అచ్చం దింపాను. తీరా తొడగబోతే బొమ్మ తల దూరలేదు. కార్డులో వీపు కనబడదు కదా, వెనక తెరుపు పెట్టాలనే తోచలేదు నాకు. ఆపా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ముందర గీసినోడు గీసిండు బిడ్డా. ఎన్క సంగతి మనమే సోంచాయించాలె."

ఆ వరుసలో ఆమెకు ఒకటే వెలితి. "గిన్ని దేశాల ఆడోళ్లున్నరు. మన దిక్కు కందిచేన్ల పనిజేసే ఆమె ఏదే?" అనేవారు. పోయేలోగా ఆ కార్డు చేయించి తీరాలని పంతం పట్టారు. జబ్బు ముదిరాక నన్ను పిలిపించి, మా అమ్మ గోచి చీర కట్టుకుని రమ్మన్నారు. కూలికి పోయే చీరతో ఫోటోనా అని నసిగాను.

"గా హాలండ్ పిల్ల గూడ పాలు పిండే బట్టలతోనే కూసున్నది. దానికి లేని షరం నీకెందుకే?"

అమ్మ చీర కట్టుకొచ్చి మిషను ముందు కూర్చున్నాను. అమ్మ రవిక నాకు వదులైంది. లేవలేని మనిషి లేచి, నా వెనక నిలబడి ఆ వదులును పట్టుకున్నారు. కార్డు అచ్చయి వచ్చాక సరిగ్గా వరుస నడుమ పెట్టించి, "గిప్పుడు నిండింది," అన్నారు.

మా నేల ఆడపడుచును ప్రపంచం సరసన కూర్చోబెట్టిన ఆ మహనీయురాలికి శిష్యురాలినని తలెత్తుకుని చెబుతాను. అటువంటి గురువు మాకు మళ్లీ దొరకరు. సంస్మరణ సభలో పెట్టడానికి వెతికితే, ఆధార్ కార్డు మీది మసక ముఖం తప్ప ఆమె ఫోటో ఒక్కటీ లేదు. చివరికి మా కార్డే పెట్టాం. అందులో అమ్మ చీరలో నేనున్నాను. నా భుజం దగ్గర, రవికను ఒడిసిపట్టిన ఆపా వేళ్లు కనబడుతున్నాయి.